గెడ్డ దాటిందా?

మేడమ్ పోయారన్న కబురు నాకు సంతలో తెలిసింది. ఆవిడ జీపు నడిపిన డ్రైవరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మేడమ్ గారు ఎల్లిపోనారమ్మా. నిన్ననే దహనం కూడా అయిపోనాది" అన్నాడు. అమ్మడానికి తెచ్చిన అల్లం బస్తా పక్కనే కూలబడ్డాను. ఆఖరి చూపు కూడా దక్కలేదు.

ఆవిడ కింద పట్నంలో కాలేజీ లెక్చరర్. ఎండాకాలం మా ఏజెన్సీ కొండల్ని తినేసే పెద్ద మంటల వివరాలు సేకరించడానికి తొంభైల చివర్లో వచ్చారు. ఊరి బడిలో టీచర్ని కదా, మావాళ్ల మాట తెలుగులో చెప్పడానికి సెలవుల్లో వెంట తిరిగేదాన్ని. తీరా అడిగితే 'పెద్ద మంట' అంటే ఒక్కో చోట ఒక్కో అర్థం. కల్లునిచ్చే జీలుగు చెట్లు మాడితేనే పెద్దదని ఒక ఊరు, తేనెపట్లు పోతే పెద్దదని ఇంకో ఊరు. ఫారెస్టు ఆఫీసు కాగితాల్లోనైతే పొగ కనబడినా పెద్దదే. "తలో కొలతా కలిపేస్తే అది లెక్క కాదమ్మా, కలగూరగంప" అనేవారు. అందుకే అన్ని ఊళ్లలోనూ ఒకటే ప్రశ్న పెట్టారు: మంట గెడ్డ దాటిందా? వాగు దగ్గర ఆగేది ఒక రకం, వాగును దూకేది మరో రకం.

జీపు దిగకముందే అదే అడిగేవారు. మా బడిపిల్లలు "గెడ్డ మేడమ్" అని ఏడిపిస్తే పకపకా నవ్వేవారు. కాలిన చోట మాత్రం ఆ నేల ఎవరిదో కనుక్కుని, వాళ్లు సరేననేదాకా కాలు పెట్టేవారు కాదు. ఎండలో నిలబడలేక నేను విసుక్కుంటే, "మాడిపోయినా ఎవరిదో ఒకరిదే కదా" అనేవారు.

మా నాన్న పోడు రైతు. కొట్టిన తుప్పలు కాల్చే ముందు చుట్టూ నేల గీకి, కొండదేవతకు కోడినిచ్చి, పచ్చి కొమ్మలు పట్టుకుని కాపలా ఉండేవాడు. ఒక ఏడు గెడ్డ అవతలి కొండ తగలబడితే, పోడోళ్లే ముట్టించారని నాన్నను స్టేషన్‌కు పట్టుకెళ్లారు. మేడమ్ ఆ కొండంతా నడిచి చూశారు. మా పోడు మంట ఇవతలి గట్టునే చచ్చిపోయిందనీ, పెద్ద మంట రోడ్డు వైపు నుంచి లేచిందనీ తేల్చాకే నాన్నను వదిలారు.

పోడునూ కార్చిచ్చునూ వేరువేరుగా రాయాలని ఆవిడ పై ఆఫీసులో పట్టుబట్టారు. "నిప్పంతా ఒకటేనమ్మా" అన్నాడొక అధికారి. "అయితే మీ ఇంట్లో పొయ్యి మీదా కేసు పెట్టండి" అన్నారు మేడమ్. నాకు నవ్వాగలేదు. కానీ అచ్చయిన రిపోర్టులో రెండూ ఒకే గడిలో కలిసిపోయాయి. ఆ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. రిటైరయ్యాక కూడా, దాన్ని దిద్దించాలనే పట్టుదలతో, ప్రతి ఎండాకాలం వచ్చేవారు. నిరుడు మంచాన పడ్డారు; ఆ సంగతి నాన్నకు చెప్పలేదు.

సంత నుంచి ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. చూపు మందగించిన నాన్న అరుగు మీద కూర్చుని గాలి వాసన చూస్తున్నాడు. ఆవిడ మాట ఎలా చెప్పాలా అనుకుంటుండగానే, "పొగొత్తంది. గెడ్డ దాటినాదేటే?" అన్నాడు.

చూశాను. "దాటినాది నాన్నా."

"అయితే మేడమ్ గారికి బేగి కబురెట్టు. ఆవిడొచ్చి సూడకపోతే, మళ్లీ మనమే ముట్టించినామని రాసేత్తారు."

అవతలి కొండ మీద మంట పైపైకి పాకుతూనే ఉంది.