సున్నపు గీత మీద పడ్డ బంతి

కొంగరకలాన్ దగ్గర కొత్త వెంచర్‌లో ప్లాటు చూడడానికి వెళ్ళాం. మా ఆయనకు ప్లాట్లు చూడడం ఒక కాలక్షేపం. కొనేదీ లేదు, మానేదీ లేదు. మొన్నటిదాకా కందిచేను ఉన్న నేలను చదును చేసి, రోడ్డు వేసే చోట ట్యాంకరుతో నీళ్ళు చల్లుతున్నారు. వెనకాలే రోలర్ వస్తోంది. ఒకతను డబ్బాలోంచి సున్నం వదులుతూ ప్లాట్ల మధ్య గీతలు గీస్తున్నాడు. ఎండిన ఎర్రమట్టి మీద నీళ్ళు పడితే వచ్చే వాసన, దాంట్లో కాస్త ఘాటుగా సున్నం వాసన. ఏజెంటు ఈశాన్యం గురించి చెబుతూనే ఉన్నాడు, నాకొక్క ముక్క చెవికెక్కలేదు. నా చెప్పు తగిలి గీత ఒకచోట చెరిగింది. అక్కడే గొంతుక్కూర్చుని ఆ మచ్చను చూస్తుండిపోయాను. “ఏమన్న పోయిందా మేడమ్?” అన్నాడు ఏజెంటు. చాలా పోయింది అందామనుకుని ఊరుకున్నాను. నా నోరు తెలిసినవాళ్ళకు ఆ ఊరుకోవడం విడ్డూరంగా ఉంటుంది.

ఆ వాసన నాకు ఎస్తేరు మేడమ్‌ది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఇబ్రహీంపట్నం మనిషి. శేరిగూడలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో ఆడపిల్లలకు టెన్నిస్ కోచ్. ఇంజనీరింగ్ కాలేజీకి టెన్నిస్ ఎందుకంటారా? తనిఖీకి వచ్చేవాళ్ళకు చూపించడానికి. ఆడపిల్లలకు ఆటల వసతి కావాలన్నారట, ఛైర్మన్ ఒక మట్టి కోర్టునూ ఒక కోచ్‌నూ ఒకేసారి తెచ్చిపెట్టాడు. తనిఖీ అయ్యాక రెంటినీ మరిచిపోయాడు. మేడమ్ మాత్రం తనను నిజంగా కోచింగ్ కోసమే తీసుకున్నారని నమ్మింది. ఆమె తండ్రి నగరంలో ఒక క్లబ్బులో మార్కర్‌గా చేసేవాడు, అంటే సభ్యులకు జోడీ దొరకనప్పుడు వాళ్ళతో ఆడిపెట్టే జీతగాడు. ఆయన వెనక బంతులు ఏరుతూ నేర్చుకున్న ఆట ఆమెది. ఆ తర్వాత చదువుకుంది, వ్యాయామ విద్యలో పట్టా తీసుకుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు, “సాయంత్రాలు ఖాళీ లేవు” అని చెప్పేది.

నేను ఆటలో చేరింది ఆట మీద ప్రేమతో కాదు. ఆలస్యంగా వెళ్ళే బస్సెక్కి వీలైనంత పొద్దుపోయాక ఇల్లు చేరొచ్చని. మీర్‌పేట్‌లో మా ఇల్లు. మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మా ఇంట్లో ఎవరి గొంతు పెద్దదైతే న్యాయం వాళ్ళ పక్షాన ఉండేది. అదే గొంతు వేసుకుని కోర్టుకు వచ్చాను. మేడమ్ చాలా రోజులు రాకెట్ ముట్టనివ్వలేదు. నీళ్ళు చల్లాలి, రోలర్ లాగాలి, తాడు పట్టుకుని సున్నంతో గీతలు వెయ్యాలి. నాకు ఒళ్ళు మండింది.

“మేడమ్, మేం ఆడడానికి వచ్చామా, రోడ్డు వెయ్యడానికి వచ్చామా?” అన్నాను.

“రోడ్డు వేసెటోళ్ళకు కూలన్న ఇస్తరు బిడ్డా. మీకు గది గూడ లేదు. గుంజు.”

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. మా ఆటకు అంపైర్ ఉండడు. బంతి బయట పడిందని ఎవరు అరిస్తే వాళ్ళే వెళ్ళి, మట్టిలో అది పడ్డ మచ్చను వెతికి, రాకెట్‌తో చుట్టూ గీత గీసి చూపించాలి. చూపించలేకపోతే పాయింటు ఎదుటివాళ్ళది. ఒకరోజు రజిత కొట్టిన బంతికి నేను “అవుట్” అని కేకేశాను. రజిత యాచారం వైపు పిల్ల, నాకంటే మంచి ఆటగత్తె, నాకంటే మంచి మనిషి కూడా. “నోటితోని కాదు, జాగ చూపియ్” అంది మేడమ్. వెతికితే గీతకు బయట ఒక మచ్చ కనపడింది. గర్వంగా రాకెట్ ఆనించాను. మేడమ్ వంగి చూసింది.

“గిది పొద్దటిది. అంచులు ఎండిపోయినయ్. పాయింటు రజితది.”

“ఇది అన్యాయం మేడమ్. నేను కళ్ళారా చూశాను.”

“నువ్వు చూసింది నీ కండ్లల్ల ఉంది, మట్టిల లేదు. ఏం చేద్దాం చెప్పు, వకీలమ్మా?”

అందరూ నవ్వారు. ఆ పేరు చదువు అయిపోయేదాకా నన్ను వదల్లేదు. నేను వాదించడం మానలేదు. కానీ బంతి పడగానే నోరు తెరిచే ముందు కాళ్ళు కదలడం మొదలైంది. నాకు తెలియకుండానే మచ్చ దగ్గరికి నడిచేదాన్ని.

మా మూడో ఏడు ఛైర్మన్ బూట్లతో సహా కోర్టులోకి వచ్చాడు. పొద్దున మేం సాపు చేసిన మట్టి మీద ఆయన నడిచినంత మేరా గుంటలు పడ్డాయి. మేడమ్ ముందు గుంటలను చూసింది, తర్వాత ఆయన ముఖాన్ని.

“ఎస్తేరమ్మా, బస్సులు పెరిగినయ్, పెట్టుకునేతందుకు జాగ లేదు. ఈసారి యూనివర్సిటీ కప్పు తెస్తే కోర్టు ఉంటది. లేకుంటే కంకర పోపిస్త.”

“కోర్టు లేకుంటే నేనేం చెయ్యాలె సార్?”

“ఏదో ఒకటి చూపిస్తంలే. జీతమైతే ఆగదు. ఫికర్ చెయ్యకు.”

కంకర కన్నా ఆ జీతం మాటే ఆమెను ఎక్కువ కోసిందని ఇప్పుడనిపిస్తుంది. ఆ సాయంత్రం మమ్మల్నెవరినీ రానివ్వకుండా ఆమె ఒక్కతే రోలర్ లాగి ఆ గుంటలన్నీ పూడ్చింది.

ఫైనల్‌దాకా వెళ్ళాం. నగరంలో వేరే కాలేజీ కోర్టు, అదీ మట్టిదే. రజిత గెలిచింది, జోడీ ఆటలో ఓడిపోయాం, చివరి ఆట నాది. చివరికి ఒక్క పాయింటు మిగిలింది. అది వస్తే కప్పు మాది, కోర్టు ఆమెది. అవతలి అమ్మాయి పక్క గీత వెంబడి బలంగా కొట్టింది. నాకు అందలేదు. ఎత్తు కుర్చీలో ఉన్న అంపైర్‌కు నేను అడ్డంగా ఉన్నాను. ఆయన “అవుట్” అన్నాడు. మావాళ్ళు అరుస్తూ లేచారు. రజిత లోపలికి పరుగెత్తుకొస్తోంది. నా కాళ్ళు మాత్రం మచ్చ దగ్గరికి నడిచాయి. నిజాయితీ అనుకోకండి, కాళ్ళకు పట్టిన అలవాటు. గీత అంచున సున్నం లేచిపోయి ఉంది. గీతను తాకితే చాలు, బంతి లోపల పడ్డట్టే.

తలెత్తి మేడమ్‌ను చూశాను. కంచెకు అవతల బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె కూడా నన్నే చూస్తోంది. నేను నిలబడిన తీరులోనే ఆమెకు సంగతి అర్థమైంది. అప్పుడామె మెల్లగా ముఖం అటు తిప్పుకుంది. అక్కడ చూడడానికి ఏమీ లేదు. ఒక కుళాయి, దాని కింద నిండి పొర్లుతున్న బకెట్టు. ఆమె ఆ బకెట్టునే చూస్తూ కూర్చుంది.

మచ్చ చుట్టూ గీత గీసి చెయ్యెత్తాను. అంపైర్ దిగి వచ్చి చూసి పాయింటు ఆ అమ్మాయికి ఇచ్చాడు. ఆ తర్వాత నేను ఆడినదాన్ని ఆట అనరు. ఓడిపోయాను.

తిరుగు బస్సులో రజిత నా పక్కన కూర్చోలేదు. “నోర్మూసుకుంటే నీ సొమ్మేం పోతుండెనే? అన్నిటికి వాదిస్తవ్, గిప్పుడు ఆయన అవుటంటే వాదిస్తివి” అంది ముందు సీట్లోంచి. మేడమ్ వచ్చి సీసా ఇచ్చింది.

“సున్నం లేసిందా?”

“లేచింది మేడమ్.”

“నీళ్ళు తాగు.”

అంతే. సెలవులు అయి వచ్చేసరికి కోర్టు మీద కంకర పోశారు. రోలర్ గోడవారన తుప్పు పట్టడానికి సిద్ధంగా ఉంది. ఛైర్మన్ మాట తప్పలేదు, జీతం ఆగలేదు. మేడమ్ మెడలో వేలాడే కార్డు మీద టెన్నిస్ కోచ్ అనే ఉండేది. చేసే పని మాత్రం పరీక్షల్లో ఆడపిల్లల చీటీలు వెతకడం, వేసవిలో ఊళ్ళు తిరిగి అడ్మిషన్లు తేవడం, సాయంత్రం బస్సులను వరుసలో పెట్టించడం. సరిగ్గా మేం సర్వీస్ చేసిన చోట నిలబడి, మాకు ఊదిన విజిలే ఊదుతూ, “రానీ, రానీ” అని డ్రైవర్‌కు చెయ్యూపుతుంటే చూసి నేను ఛైర్మన్ గదికి బయల్దేరాను. మెట్ల దగ్గర ఆమె నా రెక్క పట్టుకుంది.

“యాడికి?”

“అడగడానికి. తనిఖీవాళ్ళకు రాస్తానని చెప్పడానికి.”

“పోయి ఏం చూపిస్తవ్, వకీలమ్మా? మచ్చల మీద కంకర పోసిండ్రు. బస్సు పోతది, ఎక్కు.”

తర్వాత నాకు ఉద్యోగం, పెళ్ళి, కూతురు. ఆ ఫైనల్ కథ చాలామందికి చెప్పాను. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను. మా మేడమ్‌కు నా మీద ఎంత నమ్మకమంటే, నేను నిజమే చెబుతానని తెలిసి ముఖం తిప్పుకుంది అని. విన్నవాళ్ళు తలలూపేవారు. నాకూ బాగుండేది.

కాలేజీ సీట్లు నిండక మూతపడిందని, మేడమ్‌కు కిడ్నీలు పాడై ఇబ్రహీంపట్నంలో చెల్లెలి ఇంట్లో ఉందని పోయిన ఎండాకాలం రజిత ఫోన్ చేసింది. వెళ్ళాను. మంచం మీద ఆమె ఒక పక్కకు ముడుచుకుని ఉంది. బంతిని తిప్పి కొట్టే ఆ కుడి మణికట్టు చిన్నపిల్లదానిలా అయిపోయింది. గుర్తుపట్టి, “వకీలమ్మ వచ్చింది, ఇగ దవాఖానోళ్ళ మీద కేసు వేస్తది” అని చెల్లెలితో అంది. కాసేపయ్యాక ఆ కథ ఆమెకే చెప్పాను. మీ నమ్మకం వల్లే నేనిలా ఉన్నాను అన్నాను. ఆమె నవ్వబోయి దగ్గింది.

“నమ్మకమా? నీయమ్మ, ఎవరు చెప్పిండ్రే నీకు? నిన్నే చూసుకుంట కూసుంటే, చెప్పకు అని తల ఊపుతుంటి. కోర్టు పోతదని నాకు తెల్వదా? నా తల నా మాట వినదని తెలిసి అటు తిరిగిన. గది నీ బంతి. నా కండ్లతోని నువ్వు ఆడొద్దని.”

“మరి నేను చెప్పినందుకు కోపం రాలేదా మేడమ్?”

“వచ్చింది. మస్తు వచ్చింది. బస్సులు పెట్టిస్తున్నన్ని రోజులు నిన్ను తిట్టుకున్న.” దిండు మీద తల సర్దుకుంది. “ఇప్పుడు గూడ జర ఉంది. చాయ్ తాగిపో.”

వానలు పడ్డాక పోయింది. సమాధి దగ్గర ఆమె చెల్లెలి కుటుంబం, పాస్టర్, నేను, రజిత. కాలేజీ తరఫున ఎవరూ రాలేదు. రావడానికి కాలేజీ ఉంటే కదా.

ఇన్నేళ్ళు నేను గొప్పగా చెప్పుకున్న కథ ఆమె ఒక్క మాటతో పోయింది. దాని బదులు ఆమె ఇచ్చింది ఇంకా బరువుగా ఉంది. ఆమె పని మొత్తం ఆ కోర్టే. అది పోతుంటే చూస్తూ, ఆపగలిగి కూడా, బకెట్టు వైపు తిరిగిన మనిషి ఆమె. నేనైతే తిరగను. అరుస్తాను.

మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ల్యాబ్ మార్కులు కూడడంలో సార్ పొరపాటు చేశాడట, తనకు రావలసినదానికన్నా ఎక్కువ పడ్డాయట. మొదటి ఏడాది మార్కులను బట్టి బ్రాంచి మారనిస్తారు, వీటితో తను కోరుకున్నది వస్తుంది. “అమ్మా, సార్‌కు చెప్పాలా?” అంది. నా నాలుక మీద రెండు వైపుల వాదనలూ సిద్ధంగా ఉన్నాయి. అది నా ముఖంలో జవాబు వెతుకుతోంది. నేను పొయ్యి వైపు తిరిగాను. పాలు ఇంకా పొంగడానికి రాలేదు. అయినా గిన్నెనే చూస్తూ నిలబడ్డాను. మెడ నొప్పి పుట్టింది. చాలాసేపటికి వెనక అడుగులు గదిలోకి వెళ్ళడం వినిపించింది.

అది ఏం చేసిందో నేను అడగలేదు. ఆ బంతి దానిది.