మాట ఇచ్చుకున్న ఊళ్లు

నేను దేవరుప్పుల దగ్గరి ఊరికి కోడలిగా వచ్చిన ఏడాది జొన్నలు మనిషెత్తు పెరిగాయి. పొద్దున మంచు పరుచుకుంటే ఇళ్లన్నీ తెల్లటి నీళ్లలో తేలుతున్నట్టు ఉండేవి. ఆ రోజులు నాకు ఇప్పటికీ అట్లా మసకగా, తడితడిగానే గుర్తొస్తాయి.

మా మామ ఫౌజులో చేరి, సముద్రం దాటి, పెద్ద యుద్ధం చూసి వచ్చిన మనిషి. తూటా తగిలిన కాలితో కుంటుతూ నడిచేవాడు. అరుగుమీద తాడు పేనుతుంటే, అంత యుద్ధం ఎట్లా మొదలైందని ఒకసారి అడిగాను.

"ఒకడు పక్కోని మీద పడ్డడు బిడ్డా. ఆ పక్కోనికి మాటిచ్చినోడు లేచిండు. వీని మీదికి ఇంకోడు లేచిండు. నేనెక్కడోన్ని, నా కాలు మీద కాల్చినోడు ఎక్కడోడు? మా ఇద్దరి నడుమ పంచాదే లేదు."

అప్పటికే మా నాలుగూళ్లవాళ్లు మా ఊళ్లను ఏలే దొరకు ఇక వెట్టి చేయబోమని ఒకరికొకరు ఒట్టు పెట్టుకున్నారు. ఒక ఊళ్లో డప్పు మోగితే మిగతా ఊళ్లు కదలాలి. అది తెలిసి ఆ దొర కూడా చుట్టుపక్కల దొరలను కలుపుకున్నాడు. వాగవతల మా అమ్మగారి ఊరు ఆయన చెప్పుచేతల్లోనే ఉండేది. మా అన్న ఆయన కోటలాంటి గడీలో జీతగాడు.

"ఇగ రెండు దిక్కులా మాటలైనయి. ఆగుమన్నా ఆగది," అన్నాడు మామ.

"మాట ఇచ్చుకోకుంటే ఒక్కొక్క ఊరిని తొక్కుతరు గద, నాయినా?" అన్నాడు నా పెనిమిటి.

మామ పేనుతున్న తాడు పక్కన పెట్టాడు.

పక్కూళ్లో ఒక ముసలవ్వ బర్రె గడీ చేలో పడిందని దొర మనుషులు దాన్ని బందెలదొడ్డికి తోలి కట్టేశారు. అడగబోయిన అవ్వను స్తంభానికి కట్టేశారు. ఆ ఊరి డప్పు మోగింది. మా ఊరి డప్పు అందుకుంది. మగవాళ్లు రాళ్లు విసిరే వడిసెలలతో, మేము కారంపొడితో బయలుదేరాము. మంచులో ఎవరి ముఖం ఎవరికీ కనపడలేదు. అవ్వను విడిపించాము. అదే పొద్దు దొర మనిషి ఒకడు గుర్రమెక్కి మిగతా గడీలకు కబురు మోశాడు. మర్నాడు జనగామ దిక్కు నుంచి ఆ దొరలు పంపిన తుపాకుల మనుషుల లారీలు దిగాయి.

ఆ రాత్రి ఆడవాళ్లం, మాతో కుంటికాలి మామ, జొన్నచేలలో దాక్కున్నాము. ఆకుల సందుల్లోంచి చూస్తే ఊరు దీపాల పండుగలా వెలుగుతోంది. నిజంగా అందంగా కనిపించింది. మా ఇల్లు కాలుతోందని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. లారీల వెంట కట్టెలు పట్టుకొని నడుస్తున్న జీతగాళ్లలో మా అన్న ఉన్నాడు. పిలవబోతే మామ నా నోరు మూశాడు.

నా పెనిమిటి అడవి దళంలోకి పోయాడు. మొగుళ్లపల్లి దిక్కు ఉన్నాడని ఒకసారి విన్నాము, తర్వాత ఆ కబురూ లేదు. నేనూ మామా కేసముద్రం దగ్గర చుట్టాలింట్లో కూలి చేసుకొని బతికాము. పోరు జిల్లా అంతా పాకి, ఎప్పటికో చల్లారింది.

మా ఊరికి తిరిగొచ్చేసరికి ఇంటికి గోడలే మిగిలాయి. మూడోనాడు మా అన్న బండెడు తాటాకులు తోలుకొచ్చి, దిగకుండా తలవంచుకొని కూర్చున్నాడు.

మామ కుంటుతూ బండి దగ్గరికి వెళ్లాడు.

"కప్పెయ్యనీకి నా కాలు పనికిరాదు. జర నువ్వెక్కు, బిడ్డా," అన్నాడు మా అన్నతో.

అన్న గోడెక్కాడు. నేను కింద నుంచి ఆకులు అందించాను.