పలక మీద చివరి వరస

పెళ్ళికి ఏం పెట్టాలో తెలియక అందరూ చెంబులే పెట్టిన ఘనత మా వాళ్ళది. మా చిన్నమ్మ పెళ్ళికి వచ్చిన చుట్టాలంతా, ఒకరితో ఒకరు చెప్పుకోకుండా, తలా ఒక ఇత్తడి చెంబు తెచ్చారు. కొనకనమిట్ల పక్క పల్లెకు కాపురానికి పోయిన చిన్నమ్మ, మొదటి రోజు అన్నం వండడానికి తపేలా లేక పక్కింటివాళ్ళను అడుక్కోవలసి వచ్చింది. ఇంటినిండా చెంబులే. తరువాత చాలాకాలం ఆమెను "చెంబులమ్మ" అనే పిలిచారు. ఆమె నవ్వి ఊరుకునేది గాని, మా అమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

అందుకే అమ్మ పలక పెట్టింది. మాది మార్కాపురం దగ్గర పల్లె. వాన పడితే సజ్జ, కంది. పడకపోతే పలకల గనిలో పని. మా నాయన గనిలో రాయిని పలకలుగా చీల్చేవాడు. తిన్నగా చీలినవి చట్రాలు బిగించుకుని, పెట్టెల్లో రైలెక్కి మద్రాసుకు పోయేవి. వంకరగా చీలినవి మా ఇళ్ళకు వచ్చేవి. కుండల మీద మూతలు పలకలే, గూట్లో అరలు పలకలే. అట్లాంటి పెద్ద పలక ఒకటి తెచ్చి అమ్మ వసారా గోడకు నేల మీద చేరేసింది. ఇంట్లో పెళ్ళి కుదిరినప్పుడల్లా కొత్త కాపురానికి ఏమేం కావాలో దాని మీద బలపంతో గీయించేది. గీయించేది అంటే, నా చేత. మా ఆడవాళ్ళలో బడి ముఖం చూసింది నేనొక్కదాన్నే. చుట్టాల్లో చాలామందికి చదువు రాదు కాబట్టి అన్నీ బొమ్మలే: బిందె, తపేలా, తిరగలి, చాప, దీపం బుడ్డి. వచ్చినవాళ్ళు చూసి, తాము తేగలిగినదాన్ని తడి వేలితో చెరిపేసి పోయేవాళ్ళు. బొమ్మ చెరిగిందంటే దాన్ని ఎవరో నెత్తికెత్తుకున్నారని లెక్క. ఇక మరొకరు అది తీసుకురారు.

దీనికి ఒక్కటే కట్టుబాటు. ఎవరు ఏది చెరిపారో అడగకూడదు. ఈ విషయంలో అమ్మ మహా గట్టిది. "అడిగితే వాళ్లు బిందె పెట్టినారు, వీళ్లు చాపతో సరిపెట్టినారు అని మాటలు లేస్తాయి. చెరిగిందా, ఇంక నోరు మూసుకోవాల," అనేది. ఎవరైనా పలక దగ్గర వంగితే మేము మొహాలు పక్కకు తిప్పుకునేవాళ్ళం. చెంబుల పీడ విరగడైంది. పొదిలి వైపు చుట్టాలు కూడా చూసి మెచ్చుకుని, తమ ఇళ్ళల్లో పలకలు పెట్టుకున్నారు.

కొన్నాళ్ళకు నా పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది రైల్వేలో పని. గిద్దలూరు అవతల, నల్లమల అడవి మధ్య ఒక చిన్న స్టేషన్లో పట్టాలు మార్చడం, జెండా ఊపడం. కంపెనీ జీతం, కంపెనీ ఇల్లు అని మా వాళ్ళంతా మురిసిపోయారు. ఆ ఇంటి చుట్టూ ఏముందో ఎవరూ అడగలేదు. నేనే మా మేనమామను పట్టుకుని అడిగాను.

"ఏముంటుంది పాపా, అడివి ఉంటుంది," అన్నాడు.

నా పెళ్ళి పలక నేనే గీసుకున్నాను. "సిగ్గు లేదటే నీకు, నీ సామాను నువ్వే గీసుకుంటుండావు," అని చిన్నమ్మ ఏడిపించింది. "చెంబు మాత్రం గీయబాక తల్లీ, కావాలంటే నేనిస్తా." అందరూ నవ్వి ఎవరి పనికి వాళ్ళు పోయారు. పలక మీద అడుగున కాస్త చోటు మిగిలింది. నాకు ఇంకొకటి కావాలి. అదేమిటో నాకు బాగా తెలుసు గాని, దానికి బొమ్మ ఎట్లా వేయాలో తెలియలేదు. చివరికి అక్షరాలే రాశాను: "నెలకొకసారి మీలో ఎవరన్నా నన్ను చూడను రావాల."

రాసి చూసుకుంటే భయమేసింది. బిందె అడిగినట్టు మనిషిని అడగవచ్చా? చెరిపేద్దామని చెయ్యి పెట్టబోయేంతలో లోపలినుంచి పిలిచారు. కొలతకు గాజులు తెచ్చిన మనిషి వచ్చి కూర్చుంది. ఆ సందడిలో ఆ రోజు మళ్ళీ వసారాలోకి రానేలేదు.

మరునాడు పొద్దున లేచి చూస్తే చివరి వరస లేదు. పైన బిందె అట్లాగే ఉంది, తిరగలి అట్లాగే ఉంది, ఏదీ కదలలేదు. నేను రాసిన వరస మాత్రం శుభ్రంగా చెరిగిపోయి ఉంది. అన్నిటికంటే ముందు ఎవరో దాన్నే తీసుకున్నారు! ఎవరు? మా ఇంట్లో నేను కాక అక్షరాలు వచ్చినవాళ్ళు ముగ్గురే: మా నాయన, పెద్దనాయన, మేనమామ. ఆ రోజంతా ముగ్గురి మొహాలూ దొంగచూపులు చూశాను. ముగ్గురూ ఏమీ ఎరగనట్టే ఉన్నారు. ఉండాలి కదా మరి, అదేగా కట్టుబాటు. నా పెళ్ళిలో నాకు అంత సంతోషం ఇంకే వస్తువూ ఇవ్వలేదు. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే నేను ఏడవలేదు. గుండె రాయి చేసుకున్నదని అమ్మలక్కలు చెవులు కొరుక్కున్నారు. వాళ్ళకేం తెలుసు, నాకోసం ఒకరు మాట ఇచ్చి ఉన్నారని.

అడవి గురించి మా మేనమామ అబద్ధం చెప్పలేదు. స్టేషను, బావి, రెండిళ్ళు, రెండు పట్టాలు, అంతే. మా ఆయన మంచివాడే. కాకపోతే డ్యూటీలో ఉంటే స్టేషన్లో ఉంటాడు, డ్యూటీ దిగితే నిద్రలో ఉంటాడు. రెండో ఇల్లు స్టేషను మాస్టరు గారిది. ఆయన భార్యకు అరవం తప్ప రాదు, నాకు తెలుగు తప్ప రాదు. ఇద్దరం చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. ఉప్పు కావాలంటే ఉప్పు చూపించవచ్చు. దిగులుగా ఉందని చెప్పాలంటే ఏం చూపించాలి? కొన్నాళ్ళకు ఆమె కూడా పురిటికి మద్రాసు పోయింది. తరువాత నా గొంతు నాకే కొత్తగా వినపడేది. బావి దగ్గర బిందెతో మాట్లాడుతూ నన్ను నేను పట్టుకున్న రోజులున్నాయి.

మార్కాపురం వైపు నుంచి సాయంత్రం ఒక బండి వచ్చేది. మొదటి నెల నిండుతుండగా రోజూ ఆ వేళకు తల దువ్వుకుని గుమ్మంలో నిలబడడం మొదలుపెట్టాను. మేనమామ వస్తాడని నా నమ్మకం. ఆయనకిష్టమని సజ్జ రొట్టెలు చేసి పెట్టేదాన్ని. రాలేదు. అయితే ఆయన కాదు, పెద్దనాయన అయి ఉంటాడు అనుకున్నాను. ఆయన వయసు మీద పడ్డ మనిషి, బయలుదేరడానికి ఆలస్యమవుతుంది. అంతలో వానలు పడ్డాయి. అయితే మా నాయనే, విత్తనం వేసుకునే రోజుల్లో ఎట్లా వస్తాడు పాపం, అనుకున్నాను. విత్తనం అయ్యాక కలుపు, కలుపు అయ్యాక కోత. వాళ్ళ తరఫున సాకులన్నీ నేనే వెతికిపెట్టాను. ఒక్కొక్కసారి ఒళ్ళు మండేది. చేతకానప్పుడు చెరపడమెందుకు, ఇంకొకరు చెరిపేవాళ్ళు కదా అని ముగ్గురినీ కలిపి తిట్టేదాన్ని. మళ్ళీ సాయంత్రానికి తల దువ్వుకునేదాన్ని.

మా వాళ్ళు నన్ను మరిచిపోయారని కాదు. అమ్మ గార్డు చేతికిచ్చి ఊరగాయ పంపేది, కందిపప్పు పంపేది. గార్డు జాడీ దించి, "మీ వాళ్లు మంచిగుండారంట," అని చెప్పి పోయేవాడు. మనిషి మాత్రం దిగేది కాదు. నల్లమల నీళ్ళు తాగితే జ్వరం పట్టుకుని వదలదని మా వైపు అందరికీ భయం. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా చెరిపిన మనిషికి ఆ భయం ఉండదని ఎందుకో మొండిగా నమ్మాను.

"ఎవరికోసమే ఆ చూపులు?" అని ఒకనాడు మా ఆయన అడిగాడు. పలక సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "కార్డు ముక్క రాసి అడగరాదా, ఎవరు చెరిపినారో," అన్నాడు.

"అడగకూడదు. అడిగితే ఇంక దానికి విలువేముంది?" అన్నాను.

"సరేలే. చెరిపినోళ్లు రాకుండా ఎట్ల పోతారు," అన్నాడు. అప్పటినుంచి సాయంత్రం బండి వెళ్ళిపోయాక ఆయన ఇంటివైపు తిరిగి, ఎవరూ దిగలేదని చెయ్యి అడ్డంగా ఊపేవాడు.

ఆయనకు సెలవు దొరక్క ఏ పండక్కీ పుట్టింటికి పోలేకపోయాను. ఏడాది దాటాక చెల్లెలి పెళ్ళికి సెలవూ, రైలు పాసూ దొరికాయి. ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ నా చేతికి బలపం ఇచ్చింది. వసారాలో పలక అక్కడే ఉంది. చెల్లెలికి బిందె గీస్తున్నాను. పక్కనే నాయన కూర్చుని తాడు పేనుకుంటున్నాడు. గొర్రెలు కాసుకునే మా ఊరి తాత వచ్చి, నల్ల గొంగడి కప్పుకుని గోడవారగా చతికిలబడబోయాడు.

"తాతా, ఆడ ఆనుకోబాక!" అని అమ్మ లోపలినుంచే కేకేసింది. "పెద్దదాని పెళ్ళప్పుడు నీ గొంగడితో పలకంతా రుద్దిపెడితివి. మళ్లా ఇప్పుడా?"

"కిందనే గదమ్మా కొంచెం తగిలింది, దానికేంది," అని తాత నవ్వుతూ జరిగి కూర్చున్నాడు.

నా చెయ్యి ఆగిపోయింది. అమ్మ బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పింది. "నువ్వు కింద ఏందో రాసినావు జూడు, అది సగం చెరిగి గీతలు గీతలుగా పడింది. బొమ్మలు బాగనే ఉండాయి గదా అని మిగిలింది నేనే తడిగుడ్డ పెట్టి తుడిచేసినా. ఎవరూ చూడను కూడా చూడలా. ఏందమ్మా అప్పుడు రాసింది?"

నాయన కూడా తాడు పేనడం ఆపి నా వైపు చూశాడు. ఆ చూపులో ఏమీ లేదు. నిజంగానే తెలియక చూస్తున్నాడు. నిజం చెబితే అమ్మ అక్కడే కూలబడి ఏడుస్తుంది, నాయన మరుసటి నెల జ్వరాన్ని కూడా లెక్కచేయకుండా వస్తాడు. జాలిపడి వచ్చే మనిషి నాకు అక్కరలేదు. నేను ఎదురుచూసింది తనంతట తాను చదివి, తనంతట తాను చెరిపిన మనిషి కోసం.

"జల్లెడ," అన్నాను.

"జల్లెడా! దానికి అక్షరాలెందుకే, గుండ్రంగా ఒక గీత గీస్తే సరిపోయె," అని అమ్మ నవ్వింది. నాయనా నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరిగి బయలుదేరే రోజు బండి ఎక్కేముందు అమ్మ ఒక కొత్త జల్లెడ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నాళ్లూ జల్లెడ లేకుండా పిండి ఎట్ల జల్లించుకున్నావో ఏమో. నోరు తెరిచి అడగవు గదా నువ్వు. ఇప్పటికి తీరిందా?" అంది.

"తీరిందమ్మా," అన్నాను.

మరునాడు సాయంత్రం బండి వచ్చిన చప్పుడు వినపడింది. నేను పొయ్యి ముందే కూర్చున్నాను. బండి వెళ్ళిపోయాక మా ఆయన జెండా చేతపట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. "ఏమే, ఒంట్లో బాగలేదా? చెయ్యి ఊపితే ఆడ నువ్వు లేవు," అన్నాడు.

"ఎవరూ దిగలేదులే, నాకు తెలుసు," అన్నాను.

ఆ అడవిలో ఇంకా చాలా ఏళ్ళున్నాను. కానీ ఒంటరితనం అంటే నాకు గుర్తొచ్చేది ఎదురుచూసిన ఆ మొదటి ఏడాది కాదు. ఆ ఏడాదంతా నాకోసం ఎవరో ఒకరు బయలుదేరుతూనే ఉన్నారు. ఆ సాయంత్రం నుంచే ఎవరూ లేరు.