వినడానికి వెళ్ళి తీర్పు చెప్పి వచ్చాం

రేపటికి కోపం చల్లారి ఊరుకుంటానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

ఈ రోజు మా తెనాలి భజన సమితితో కొల్లూరు దగ్గర ఏటి నడుమనున్న లంక ఊరికి వెళ్ళాను. వరదలో నష్టపోయినవాళ్ళకు దుప్పట్లు ఇచ్చి, వాళ్ళ బాధ కాసేపు వినాలన్నది మా పని. ఒక పెద్దావిడ, పేరు రాయను, నా చెయ్యి పట్టుకుని, "మనవరాల్ని ఎత్తుకుని పరిగెత్తానమ్మా. ఆవు పలుపు విప్పలేకపోయాను. కట్టుకొయ్య దగ్గరే మునిగిపోయింది" అంది మెల్లగా.

మా సమితికి పెద్ద అయిన మాస్టారు వెంటనే గట్టిగా అందుకున్నారు. "కట్టేసిన గోవు చస్తే మహాపాపమమ్మా. ప్రాయశ్చిత్తం చేయించుకోవాలి."

వీధంతా విన్నది. ఆవిడ నా చెయ్యి వదిలేసింది.

తిరిగి వస్తూ వ్యానులో ఆ మాట ఎందుకన్నారని మాస్టారిని అడిగితే, "నాలుగు ముక్కలు చదివావని శాస్త్రం నాకు చెబుతావేంటి?" అన్నారు. మిగతావాళ్ళు కిటికీలోంచి అరటితోటలు చూస్తూ కూర్చున్నారు.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే, మాస్టారూ. శాస్త్రం నాకు నిజంగానే రాదు. మీరు పాపమన్నప్పుడు ఆ మనవరాలు గడప మీదే కూర్చుని, మీరిచ్చిన బిస్కెట్టు తింటోంది. కనపడలేదా?

ఆదివారం నాతో వచ్చి, అదే వీధిలో, అంతే గట్టిగా ఆ మాట తప్పని ఆవిడకు చెబుతారా? శనివారం సాయంత్రంలోపు ఇక్కడే, ఈ పోస్టు కిందే జవాబివ్వండి.