మొహం తిప్పుకుంటే

సోలాపూర్‌లో మరమగ్గాలు తెరిపి లేకుండా ఆడే రోజులవి. కుంఠా నాకా వెళ్ళే సిటీ బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి. ఎదుట కడ్డీ పట్టుకుని నిలబడ్డ మనిషికి తలనిండా దూది నూగు. ఆమెనే చూస్తూ పెదవులు కదుపుతున్నాడు గానీ గొంతు రావడం లేదు. ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది.

"మీతో ఏదో అంటున్నారమ్మా," అన్నాను.

"మా ఆయనే బిడ్డా. ఇరవై ఏండ్లసంది ఆయన సాంచా మగ్గం నడుపుతడు, నేను ఎదురుంగ కూసొని కండెలు చుడ్త. ఆ సప్పుడుల ఏమినబడ్తది? మూతులు జూసుకుంటనే మాట్లాడుడు. ఇంట్ల గూడ గదే అలవాటైంది."

"మరి పోట్లాట వస్తే?"

"మొఖం తిప్పుకుంట. ఇగ ఆయన ఏమన్నా నాకు ముట్టది. ఇయ్యాలకు నాలుగు దినాలాయె."

రెండు స్టాపులు దాటాయి. ఆమె మెడ రుద్దుకుంది.

"ఇగ సాలు. మెడ గుంజుతున్నది," అంటూ ఇటు తిరిగి, అతనితో చప్పుడు లేకుండా రెండు మాటలంది. అతను తలూపి ఆమె ఒళ్ళోని సంచీ అందుకున్నాడు. నాకాలో దిగిపోయారు. ఇద్దరి మొహాల్లోనూ సంతోషమేమీ లేదు, అలసట తప్ప.

నేను ఇల్లు చేరేసరికి మా ఆయన పేపరు వెనకాల ఉన్నాడు. వారం నుంచి మాకు మాటల్లేవు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

పేపరు దిగడానికి చాలాసేపు పట్టింది.