ప్లగ్గు పీకిన స్కానింగ్ మిషన్

ముందే ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. మా పెరట్లో పిల్లి కనబడితే, నేను వీధి చివరికి వెళ్ళి చెప్పేసరికి అది చిరుతపులి అవుతుంది. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ రెండుతో భాగించి నమ్ముతుంది. మీరూ అలాగే చేయండి. ఎంత భాగించినా కొంత మిగులుతుంది... అది మాత్రం జరిగింది. నా కళ్ళజోడు మీద ఒట్టు. అది లేకపోతే నా చెయ్యి నాకే కనబడదు, ఊరికే దాని మీద ఒట్టు పెట్టను.

నూజివీడులో ఒక స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తాను. పేర్లు పిలుస్తాను. ఫారాలు నింపుతాను. "ఆడో మగో చెప్పరండీ, అడగకండి" అని రోజుకు వెయ్యిసార్లు అంటాను. సరే, నలభై. మిషన్ మీద చెయ్యి వేసేది మాత్రం మా డాక్టరు మేడం ఒక్కరే.

మొన్న వేసవి. రసాల మామిళ్ళు కోతకొచ్చిన రోజులు. సాయంత్రం ఆరు దాటాక గాలివాన మొదలైంది. తోటల్లో కాయలు రాలుతుంటే ఆ చప్పుడు బజారు దాకా వినబడింది. విస్సన్నపేటలో పేషెంట్లను చూసి తిరిగొస్తున్న మేడం, రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి ఆగిపోయారు. ఫోన్ చేసి, పిడుగులు పడుతున్నాయి, మిషన్ ప్లగ్గు పీకేయండి అన్నారు. పీకేశాను. వైరు చుట్టచుట్టి మిషన్ మీదే పెట్టాను. తలుపు మూశాను.

ఎనిమిదింటికి ముసునూరు నుంచి ఆటోలో ఇద్దరొచ్చారు. సుజాత, ఆమె అత్తగారు దానమ్మ. సుజాతకి ఎనిమిదో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచి, మధ్యలోనే పోయిందట. భర్త మామిడికాయల లోడుతో లారీ మీద వెళ్ళాడు. పొద్దుట్నుంచి కడుపులో బిడ్డ కదల్లేదు. ఊళ్ళో నర్సమ్మ పొట్ట మీద గొట్టం పెట్టి విని, ఏమీ చెప్పకుండా స్కానింగ్‌కి వెళ్ళమంది.

"రెండు రసాలు పిండి తాగించానయ్యా," అంది దానమ్మ. "తీపి తగిలితే లోపల గెంతుతారు గదా అని. ఉలుకూ పలుకూ లేదు."

"రెండు రసాలు తాగితే నేనూ కదలనమ్మా. గురకపెట్టి నిద్రపోతాను," అన్నాను.

సుజాత నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, తలుపు మీద ఎవరో వేలితో కొడతారేమో అన్నట్టు కూర్చుంది.

తొమ్మిదిన్నర దాకా మేడం కోసం చూశాం. కరెంటు పోయింది. హాల్లో ఇన్వర్టరు మీద ఒక్క లైటు. మేడం ఫోన్ కలవడం లేదు. బయట ఆటో అబ్బాయి హారన్ కొడుతున్నాడు. ఆటో ఉండగానే ఇంటికి పోయి పొద్దున్నే వద్దామంది దానమ్మ. సుజాత గోడ పట్టుకుని లేచింది. నేను తాళం తీసుకున్నాను.

అప్పుడు... వినబడింది.

లోపలి గదిలోంచి. మూసిన తలుపు వెనక నుంచి.

టపటపటపటప...

గుర్రప్పిల్ల ఎక్కడో దూరంగా పరుగెడుతున్నట్టు. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. స్కాన్ మొదలుపెట్టగానే మేడం కొలతలన్నీ పక్కనపెట్టి, ముందు తల్లికి బిడ్డ గుండె వినిపిస్తారు. అది ఆవిడ పద్ధతి. గోడ ఇవతల కూర్చుని ఏళ్ళ తరబడి విన్నాను. అదే ఇది.

దానమ్మ నా ముఖం చూసింది. నేను ఆవిడ ముఖం చూశాను. ఇద్దరం సుజాతను చూశాం. ఆమె తలుపు వైపు చూస్తోంది.

ఫోన్ లైటు వేసి తలుపు తీశాను. అది కిర్రుమన్న చప్పుడు ఏలూరు దాకా వినబడి ఉంటుంది. మంచం... దుప్పటి... జెల్ సీసా. నల్లటి తెర. మిషన్ మీద చుట్టచుట్టిన వైరు, నేను పెట్టినట్టే.

నిశ్శబ్దం.

తలుపు మూశాను. మళ్ళీ...

టపటపటప... టప... టప...

ఈసారి నెమ్మదిగా. ఇంకా నెమ్మదిగా.

టప... ... టప.

ఆగిపోయింది.

సుజాత తిరిగి కుర్చీలో కూర్చుంది. "నేనిక్కణ్ణుంచి లేవను అంకుల్. మేడం వచ్చేదాకా లేవను."

దానమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలుపెట్టింది. నేను కొబ్బరికాయ కొట్టేవాణ్ణి. ఆ రాత్రి ఆవిడ పక్కనే కూర్చుని, ఆవిడ ఆమెన్ అన్నప్పుడల్లా నేనూ ఆమెన్ అన్నాను.

పదింబావుకి మేడం వచ్చారు, ఎవరిదో బైకు వెనక తడిసి ముద్దయి. అప్పుడే కరెంటూ వచ్చింది. ప్లగ్గు పెట్టాను. సుజాతను లోపల పడుకోబెట్టారు. గోడ ఇవతల నేనూ దానమ్మా ఊపిరి బిగబట్టాం.

టప... టప... టప...

ఉంది. కానీ నెమ్మదిగా ఉంది. మేడం ఇన్నేళ్ళలో మొదటిసారి, తల్లికి వినిపిస్తున్న చప్పుడు మధ్యలో ఆపేసి బయటికొచ్చారు. "ఉమ్మనీరు దాదాపు లేదండీ. 108కి ఫోన్ చేయండి. ఇప్పుడే విజయవాడ వెళ్ళాలి."

అర్ధరాత్రి దాటాక ఆపరేషన్. పుట్టేసింది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు, పాప. కేజీన్నర. కొన్ని వారాలు గాజుపెట్టెలో ఉంది. ఇప్పుడు బోర్లాపడుతోందట. ఆ రాత్రి ఇంటికి పోయి పొద్దున్నే వచ్చి ఉంటే ఏమయ్యేదో మేడం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ చప్పుడు సంగతి అడిగితే, చూరునీళ్ళు బయట ఏసీ డబ్బా మీద పడి ఉంటాయండీ అన్నారు మేడం. కావచ్చు. తర్వాత వాన పడినప్పుడల్లా ఆ తలుపు మూసి, చెవి ఆనించి విన్నాను. నీళ్ళు పడతాయి. నీళ్ళలాగే పడతాయి. అదేమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

ఇక నేను కల్పించింది. చప్పుడు కాదు, వైరూ కాదు. ఇంటికి పోదామన్నది దానమ్మ కాదండీ. ఆవిడ వెళ్దామన్న మాటే ఎత్తలేదు. నాకు ఆకలేస్తోంది... వాన తగ్గింది... "ఆటో ఉండగానే వెళ్ళిపోండమ్మా, రేపు మీ పేరే మొదట రాస్తాను" అన్నది నేను.