రాయైపోయిన బ్రేకు పెడలు

నాన్న పాత తెల్లకారు బ్రేకులన్నీ చిన్నాన్న విప్పి బాగుచేసిన మర్నాడు పొద్దున్న, తాల్‌బగీచా మలుపులో ఒక టోటోని, అదే బ్యాటరీ రిక్షాని, గుద్దబోయాను. పెడలు లోపలికి పోలేదు. రాయిలా నిలబడింది. రెండు కాళ్లూ దాని మీద వేసి, స్టీరింగు పట్టుకుని సీట్లోంచి లేచినంత పని చేస్తే గాని బండి ఆగలేదు. "దీదీ, చోఖ్ నేఇ?" అన్నాడు టోటోవాడు. కళ్లున్నాయి, బ్రేకే లేదు అని చెప్పడానికి నోరు రాలేదు. నాకు నోరు రాకపోవడం మా ఇంట్లో పెద్ద వార్త.

చిన్నాన్న సర్వీసంతా రైల్వే వర్క్‌షాపులో బోగీల బ్రేకుల మీదే గడిచింది. నాన్నా ఆయనా ఒకే షాపులో చేరారు. నాన్న పోయాక కారు రెండేళ్లు రేకుల కింద పడుంటే, అమ్మేద్దామన్నారు మావారు. బాగుచేయిస్తానని పోట్లాడింది నేను. చిన్నాన్న ఉండగా మెకానిక్ దేనికన్నదీ నేనే.

చిన్నాన్నకి ఫోన్ చేశాను. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో తన కొడుకు క్వార్టర్ నుంచి సైకిలు మీద వచ్చాడు.

"బ్రేకు చేసినావా చిన్నాన్నా, గోడ కట్టినావా?"

"ముందు సూడనీవే తల్లీ."

చూశాడు. చక్రాలు విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. రబ్బరు కప్పులన్నీ కొత్తవే. ఆయిల్ కారడం లేదు. ఆయిల్లోకి గాలి చేరితే పెడలు మెత్తగా దిగిపోతుందని నేను చదివాను. ఇది అసలు దిగదేం? ఫోన్లో వెతికితే ఒకడు ఒకటంటాడు, ఇంకొకడు దానికి అడ్డంగా ఇంకోటి. నిమ్‌పురా దారిలో మెకానిక్‌ని పిలిస్తే వంగి కూడా చూడకుండా, "బూస్టర్ గయా దీదీ, ఫేంక్ దో" అని పారెయ్యమన్నాడు. చూడకుండా ఎలా తెలిసిందయ్యా అంటే కోపమొచ్చి వెళ్లిపోయాడు.

బూస్టర్ అంటే పెడలుకి అవతల గుండ్రంగా ఉండే రేకు డబ్బా. ఇంజను ఒక రబ్బరు గొట్టంలోంచి దాన్లో గాలి పీలుస్తుంది. ఆ పీల్పే మన కాలికి బలమిస్తుంది. ఇంతవరకూ నాకు అర్థమైంది.

"చిన్నాన్నా, వేక్యూమ్ అందట్లేదేమో?"

నవ్వాడు. "నీ బండి కదుల్తోందా?"

"కదుల్తోంది."

"సక్రాలు పట్టేసినాయా?"

"లేదు."

"మరింకేటి? వేక్యూమ్ పోయిందంటే బ్రేకు దానికదే పడిపోద్ది. బండి అంగుళం కదల్దు. నా సర్వీసంతా సూసిందదే. కదుల్తోందంటే వేక్యూమ్ ఉన్నట్టే."

నేను బీఎస్సీ ఫిజిక్స్. అయినా నోరు మూసుకున్నాను. రైలు అలాగే ఆగుతుందని చిన్నప్పటి నుంచి నాన్న చెప్పగా విన్నదే. రెండు రోజులు అదే నమ్మాను. నమ్ముతూనే ఏదో తేడాగా ఉందనుకున్నాను. ఆ తేడా ఏమిటో చిక్కలేదు. చిక్కకపోతే నాకు నోరు లేస్తుంది. మూడో రోజు సాయంత్రం అనేశాను:

"నీ చేతులకి వయసైపోయింది చిన్నాన్నా. ఒప్పుకోవచ్చు కదా."

ఆయన పానాలు ఒక్కొక్కటే తుడిచాడు, గుడ్డలో చుట్టాడు, మూట నా గుమ్మంలో పెట్టాడు. "నీకాడే ఉంచు. నాకింక పన్లేదు" అని సైకిలెక్కాడు. పెళ్లికెళ్లినా జేబులో ఒక పానా పెట్టుకెళ్లే మనిషి.

ఆ మూట తిరిగి ఆయన చేతికి ఎలా చేరుతుందన్నదే ఇక నా బెంగ. కారు సంగతి తర్వాత.

తెల్లారాక ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇంజను ఆపి పెడలు నాలుగైదుసార్లు తొక్కి, కాలు తియ్యకుండా స్టార్ట్ చేస్తే పెడలు కాస్త కిందికి దిగాలిట. దిగలేదు. ఇంజను ఆన్‌లో ఉంచి, బూస్టర్ దగ్గర గొట్టం ఊడబీకి మూతికి వేలు పెట్టాను. పీల్పు లేదు. ఇంజను చప్పుడు కూడా మారలేదు. గొట్టం తెరిచి ఉంటే ఇంజను గుడగుడలాడాలి కదా? గందరగోళం ఇంకా పెరిగింది. ఇంజను ఆపి, కుట్టుపెట్టెలోంచి కొక్కెం సూది తెచ్చి గొట్టంలోకి పోనిచ్చాను.

పసుప్పచ్చ గుడ్డ చుట్ట ఒకటి వచ్చింది. దారంతో కట్టి ఉంది. నా పాత జాకెట్టు గుడ్డ, పని రోజు తుడుచుకోవడానికి నేనే ఇచ్చింది.

వర్క్‌షాపు మనుషులకి ఒక అలవాటు. విప్పిన గొట్టం మూతి తెరిచి వదలరు. దుమ్ము పోకుండా గుడ్డ చుట్టి, దారం కట్టి దూరుస్తారు. కాని జానెడు తోక బయటికి వేలాడదీస్తారు, మరిచిపోకుండా. నాన్న నాకు నేర్పాడు. ఇంట్లో కుళాయి విప్పినా నేనదే చేస్తాను. దీనికి తోక లేదు. బూస్టర్ విప్పిన రోజు చిన్నాన్న టీకని లోపలికెళ్లాడు, నేను కారు పక్కన ఫోన్లో ఎవరితోనో వాదిస్తున్నాను. అప్పుడు నా చెయ్యి ఈ పని చేసిందా? చేసినట్టు గుర్తులేదు. చెయ్యలేదని ఒట్టు వెయ్యలేను.

గొట్టం మళ్లీ బిగించి, పానాల మూట, గుడ్డ చుట్ట పట్టుకుని కారులోనే ట్రాఫిక్ కాలనీకి వెళ్లాను. పెడలు వెన్నలా దిగింది.

చిన్నాన్న చుట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేనే పెట్టుంటాను. వయసు గదా."

"తోకేదీ? నీ సర్వీసులో ఎప్పుడన్నా తోక లేకుండా పెట్టినావా?"

"లేదు."

"మరైతే నేనే."

"నీకు మాత్రం మీ నాన్న తోక సంగతి సెప్పలేదేటి?"

చెప్పాడు. ఓడిపోవాలని జీవితంలో మొదటిసారి వాదిస్తే, అది కూడా నెగ్గలేకపోయాను.

"తప్పు నాదే చిన్నాన్నా. ఎవరు పెట్టినా, నేనన్న మాట మాత్రం నాదే."

ఆయన అది విన్నట్టు లేడు. నుదురు ముడిపడి ఉంది. "వేక్యూమ్ లేకుండా బండి ఎలా కదిలిందే?"

"రైల్లో వేక్యూమ్ బ్రేకుని పడకుండా పట్టుకుంటుంది. కార్లో కాలితో కలిసి బ్రేకు తొక్కుతుంది."

"తిరగేసినారా? ఎందుకూ?"

తెలీదన్నాను. ఆయన మూట అందుకుని, గుడ్డ విప్పి ఒక పానా తీశాడు.

"ఆ గొట్టం క్లిప్పు నువ్వే బిగించినావా?"

"అవును."

"తియ్ బానెట్టు. నాకు నమ్మకం లేదు."